గోదావరి డెల్టా వ్యవసాయ రికార్డుల డిజిటలీకరణ

గోదావరి డెల్టా వ్యవసాయ రికార్డుల డిజిటలీకరణ అంటే ఉభయ గోదావరి జిల్లాలలో సాగు, దిగుబడి, విత్తనం, నీటి పారుదల, వ్యవసాయ విస్తరణ సేవలకు సంబంధించి పందొమ్మిదవ శతాబ్ది నుండి తయారైన కాగితపు పత్రాలను కంప్యూటరులో చదవడానికి, వెదకడానికి వీలైన రూపంలోకి మార్చడం. ఇది ఏదో ఒక సంస్థ చేపట్టిన ఒకే పథకం కాదు. రెవెన్యూ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయం, గ్రంథాలయాలు, విదేశీ విద్యా సంస్థలు, స్వచ్ఛంద కార్యకర్తలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం చేసిన పనుల సముదాయం. అందువలన ఇది అన్ని రకాల పత్రాలకూ సమానంగా జరగలేదు. పొలం ఎవరిదో తెలిపే కాగితాలు ముందుగా కంప్యూటరుకెక్కాయి. ఆ పొలంలో ఏ విత్తనం చల్లారు, ఎంత ఎరువు వేశారు, ఎంత పండింది, అసలు దున్నినవారెవరు అని తెలిపే కాగితాలు వెనుకబడ్డాయి.

నేపథ్యం

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టాలో లెక్కల అవసరం పెరిగింది. కాలువ నీరు ఏ గ్రామానికి ఎంత అందింది, ఎన్ని ఎకరాలు తడిసింది, ఎంత శిస్తు రావాలి అన్నవి ప్రభుత్వానికి ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టుకు సంబంధించిన లెక్కలివి. అంటే తొలి వ్యవసాయ రికార్డులు రైతుకు సలహా ఇవ్వడం కోసం కాక, శిస్తు వసూలు కోసం పుట్టాయి. ఈ విషయం గుర్తుంచుకోకపోతే ఆ పత్రాలను తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉంది.

పంటను గురించి పంట కోసమే రాసిన రికార్డులు ఆ తరువాతవి. డెల్టాలో చెరకుకు సోకిన ఎర్రకుళ్ళు తెగులును అప్పటి మద్రాసు ప్రభుత్వ వృక్ష శాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ పరిశీలించాడు. దానికి నివారణ వెదకడం కోసం 1902లో సామర్లకోటలో ప్రయోగ క్షేత్రాన్ని నెలకొల్పారు. వరి కోసం 1925లో మార్టేరులో పరిశోధనా కేంద్రం ఏర్పడింది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వచ్చింది. ఈ కేంద్రాల వార్షిక నివేదికలు, క్షేత్ర పుస్తకాలు, విత్తన పంపిణీ పట్టికలే విస్తరణ సేవల చరిత్రకు మూలాధారాలు.

కరణాల లెక్కలు

గ్రామ స్థాయిలో సాగు వివరాలను నమోదు చేసింది కరణం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో, నీరు ఎక్కడినుండి వచ్చిందో అడంగల్‌లో రాసేవాడు. ఈ లెక్కలు ఫసలీ సంవత్సరాల ప్రకారం ఉంటాయి. మద్రాసు రాష్ట్రంలో ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం సంవత్సరం వస్తుంది. ఉదాహరణకు ఫసలీ 1371 అంటే 1961 జూలై నుండి 1962 జూన్ వరకు. సార్వా నారుమడిని జూన్‌లో పోసి, నాట్లు జూలైలో వేస్తే ఒకే పంటకు చెందిన పనులు రెండు ఫసలీలలో పడతాయి. దాళ్వా మాత్రం పూర్తిగా ఒకే ఫసలీలో ఉంటుంది.

డెల్టా అంతటా లెక్కలు ఒకే విధంగా లేవు. ప్రభుత్వ రైత్వారీ గ్రామాలలో సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టర్లు క్రమంగా ఉండేవి. పిఠాపురం వంటి జమీందారీలలోని గ్రామాలకు ఎస్టేటు లెక్కలే ఆధారం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే అవి రైత్వారీ పద్ధతిలోకి వచ్చాయి. కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళలో ఒకదానికి పందొమ్మిదవ శతాబ్ది నుండి వరుస లెక్కలు దొరకడం, రెండవదానికి 1950ల ముందు ఆ పద్ధతిలో ఏమీ దొరకకపోవడం వింత కాదు.

1984 జనవరిలో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు వంటి గ్రామోద్యోగాలను రద్దు చేసింది. అప్పటివరకు లెక్కల పుస్తకాలు చాలా చోట్ల కరణం ఇంటనే ఉండేవి. వంశపారంపర్యపు పెత్తనానికి స్వస్తి చెప్పిన ఈ సంస్కరణకు బలమైన కారణాలే ఉన్నా, రికార్డుల అప్పగింత మాత్రం సక్రమంగా సాగలేదు. పుస్తకాలన్నీ తాలూకా కార్యాలయాలకు చేరలేదు. రెండు మూడేళ్ళకే, 1986-87లో పంచాయతీ సమితుల స్థానంలో మండల వ్యవస్థ వచ్చింది. 1959 నుండి వ్యవసాయ విస్తరణకు కేంద్రంగా ఉన్న సమితి కార్యాలయాల దస్త్రాలకు మళ్ళీ స్థానచలనం తప్పలేదు. ఇదే కాలంలో, 1986 ఆగస్టులో, ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహంతో గోదావరికి పెద్ద వరద వచ్చింది. 1996 నవంబరులో కోనసీమను తుఫాను దెబ్బతీసింది. డెల్టాలో కాగితానికి చెద కంటే, తేమ కంటే పెద్ద శత్రువులు ఇటువంటివే.

ప్యాకేజీ జిల్లా

డెల్టా విస్తరణ సేవల చరిత్రలో అత్యంత సమృద్ధమైన రికార్డులు 1960 దశాబ్దానివి. ఫోర్డ్ ఫౌండేషన్ బృందం 1959లో భారత ఆహార సమస్యపై ఇచ్చిన నివేదికను అనుసరించి, కేంద్ర ప్రభుత్వం 1960-61లో సాంద్ర వ్యవసాయ జిల్లా పథకాన్ని ప్రారంభించింది. దీనినే ఐ.ఎ.డి.పి. అనీ, వాడుకలో ప్యాకేజీ కార్యక్రమం అనీ అన్నారు. దేశంలో మొదట ఎంపిక చేసిన ఏడు జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. మిగిలినవి తంజావూరు, లూధియానా, అలీగఢ్, షాహాబాద్, రాయపూర్, పాలీ. నీటి వసతి నిశ్చయంగా ఉన్న చోట విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు, సలహా అన్నీ ఒకేసారి రైతుకు అందిస్తే దిగుబడి త్వరగా పెరుగుతుందన్నది దీని సూత్రం.

ఈ పథకానికీ కాగితానికీ విడదీయరాని సంబంధం ఉంది. పథకంలో చేరిన ప్రతి రైతుకూ ఒక వ్యవసాయ ప్రణాళిక తయారు చేయాలి. ఎంత భూమి, ఏ రకం వరి, ఎన్ని బస్తాల ఎరువు, ఎంత అప్పు అన్న వివరాలతో గ్రామసేవకుడు దానిని నింపేవాడు. ఆ ప్రణాళిక ఆధారంగా సహకార సంఘం అప్పు ఇచ్చేది. మామూలు సమితులలో కంటే ప్యాకేజీ సమితులలో గ్రామసేవకుల సంఖ్యను పెంచడానికి ఈ పని భారం కూడా ఒక కారణం. పంట కోత ప్రయోగాల పట్టికలు, మట్టి పరీక్షల ఫలితాలు, ప్రదర్శన క్షేత్రాల నివేదికలు, గ్రామసేవకుల దినచర్య పుస్తకాలు వీటికి అదనం. ఒక జిల్లాలోని సాధారణ రైతు పొలంలో ఏటేటా ఏమి జరిగిందో ఇంత వివరంగా రాసిన సందర్భం అంతకుముందు లేదు.

ఆ కాలం కూడా సామాన్యమైనది కాదు. తైచుంగ్ నేటివ్-1 వంటి పొట్టి రకాలు, వాటి వెనుకనే 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్-8 డెల్టాకు చేరాయి. 1967లో ఐ.ఆర్-8 ను పండించిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఆ రకం పేరుతోనే ప్రసిద్ధి పొందాడు. అక్కుళ్ళు, ఆట్రగడ, కృష్ణకాటుకలు, బాసంగి వంటి పాత రకాలు పొలాల నుండి తప్పుకున్నదీ ఈ దశాబ్దాలలోనే. ఏ ఊరిలో ఏ సంవత్సరం ఏ రకం పోయి ఏది వచ్చిందో గ్రామాల వారీగా చెప్పగలిగేవి ఈ కాగితాలే.

అయితే రికార్డు ఎంత వివరంగా ఉన్నా అది చూడనివి కూడా ఉన్నాయి. మలేషియా నుండి వచ్చిన మసూరి రకం అధికారిక పరీక్షలలో తిరస్కరణకు గురై, ఆంధ్ర ప్రాంతంలో రైతుల చేతుల మీదుగా వ్యాపించిందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు రాశారు. విత్తన పంపిణీ పట్టికలను మాత్రమే చూసేవారికి ఈ వ్యాప్తి కనబడదు. మార్టేరు కేంద్రం వశిష్ట, మసూరి రకాలను సంకరపరచి 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) తరువాత ఒరిస్సా, బెంగాల్, బంగ్లాదేశ్ వరకు పాకింది.

ప్యాకేజీ కార్యక్రమాన్ని అంచనా వేయడానికి కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ జిల్లాల వారీ నివేదికలను ప్రచురించింది. వీటిలో 1969లో వెలువడిన ‘మోడర్నైజింగ్ ఇండియన్ అగ్రికల్చర్’ బాగా తెలిసినది. అమెరికన్ రాజనీతి శాస్త్రజ్ఞురాలు ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ 1971లో ప్రచురించిన హరిత విప్లవ అధ్యయనంలోని ఐదు జిల్లాలలో పశ్చిమ గోదావరి ఉంది. అచ్చయిన నివేదికలు దేశ విదేశాల గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. వాటికి ఆధారమైన చేతిరాత ప్రణాళికలకు, సైక్లోస్టైలు చేసిన ఉత్తర్వులకు, కార్బన్ నకళ్ళకు ఆ అదృష్టం లేదు. సైక్లోస్టైలు కాగితం పెళుసుబారుతుంది, కార్బన్ రాత చెరిగిపోతుంది. అచ్చు పుస్తకం కన్నా ముందు స్కాన్ చేయవలసినవి ఇవే. ఆచరణలో పుస్తకాలదే మొదటి వరుస అయింది, ఎందుకంటే పుస్తకాన్ని స్కాన్ చేయడం తేలిక.

కంప్యూటరీకరణ క్రమం

భూ రికార్డుల కంప్యూటరీకరణకు కేంద్ర ప్రభుత్వం 1988-89లో ఎనిమిది జిల్లాలలో ప్రయోగాత్మకంగా శ్రీకారం చుట్టింది. వాటిలో ఆంధ్ర ప్రదేశ్ నుండి రంగారెడ్డి జిల్లా ఉంది. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖ 1998లో కార్డ్ పద్ధతిని ప్రవేశపెట్టింది. అడంగల్, 1-బి పత్రాలను ప్రజలు నేరుగా చూసే మీభూమి పోర్టల్ 2015లో వచ్చింది. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. వీటన్నిటి లక్ష్యం హక్కు, పన్ను, క్రయవిక్రయాలు. పాత అడంగళ్ళలోని పంట కాలమ్ వీటికి అంత అవసరం కాలేదు.

పుస్తకాల విషయానికి వస్తే, రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో మొదలైన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దీని ప్రధాన స్కానింగు కేంద్రాలలో హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ ఒకటి. మద్రాసు కాలపు గెజిటీర్లు, నివేదికలు, తెలుగు వ్యవసాయ పుస్తకాలు అనేకం ఈ విధంగా అందుబాటులోకి వచ్చాయి. 2017లో ఈ పోర్టల్ మూతపడింది. అప్పటికే ఆ స్కాన్ ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చి ఉండటంతో చాలా పుస్తకాలు నేటికీ దొరుకుతున్నాయి. కాగితాన్ని స్కాన్ చేసినంత మాత్రాన అది శాశ్వతం కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

వ్యవసాయ సిద్ధాంత గ్రంథాలకు, సంస్థల నివేదికలకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆధ్వర్యంలోని కృషికోశ్ నిలయమైంది. 1964లో ఏర్పడి, 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందిన వ్యవసాయ విశ్వవిద్యాలయపు సిద్ధాంత గ్రంథాలు ఇందులో ఉన్నాయి. 2007లో తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు అంబాజీపేట కొబ్బరి పరిశోధనా కేంద్రం వంటివి దాని పరిధిలోకి వెళ్ళాయి. కాబట్టి కోనసీమ కొబ్బరి పాత నివేదికలను వెదికేవారు రెండు విశ్వవిద్యాలయాలలోనూ చూడవలసి ఉంటుంది.

ప్రచురణ హక్కుల సంగతి కూడా చెప్పుకోవాలి. భారత చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణలకు హక్కు, ప్రచురించిన తరువాతి సంవత్సరం ఆరంభం నుండి 60 ఏళ్ళు ఉంటుంది. ఆ లెక్కన 1963లో అచ్చయిన ప్రభుత్వ నివేదిక 2024 జనవరి 1న సార్వజనికమైంది. 1969 నాటిది 2030లో అవుతుంది. ప్యాకేజీ కార్యక్రమపు ప్రచురణలు ఒక్కొక్కటిగా ఈ గడువు దాటుతున్నాయి.

లిపి, కొలతలు, ఎల్లలు

తెలుగు చేతిరాతను కంప్యూటరు చేత చదివించడం కష్టమైన పని. అచ్చు పుటలను టెసరాక్ట్ వంటి ఉపకరణాలు చాలావరకు చదువుతాయి. వత్తులు, గుణింతాలు కలిసిపోయిన చోట, సిరా పాకిన చోట తప్పులు వస్తాయి. కరణాల గొలుసుకట్టు రాతను చదవడానికి మనిషే కావాలి, అందులోనూ అలవాటున్న మనిషి కావాలి.

పాత ధాన్యపు లెక్కలలో భిన్నాలకు ప్రత్యేక సంకేతాలుండేవి. తెలుగు భిన్నాలు నాలుగు ఆధారంగా నడుస్తాయి: కాలు, అర, ముక్కాలు, వాటి తరువాత వీసం, పరక, మువ్వీసం. కాలులో కాలు వంతు వీసం, అంటే పదహారవ వంతు. ఈ గుర్తులకు, తూము గుర్తుకు 2008లో విడుదలైన యూనికోడ్ 5.1లో స్థానం లభించింది. అంతకుముందు ఇటువంటి లెక్కను ఉన్నదున్నట్లు టైపు చేసే మార్గమే లేదు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అన్న లెక్క స్థిరమే గాని, కుంచం పరిమాణం ఊరిని బట్టి మారేది. అందువలన పుట్టిని కిలోలలోకి మార్చి మూలాన్ని వదిలేయడం ప్రమాదకరం. మూలంలోని కొలతను, మార్చిన విలువను రెండింటినీ పక్కపక్కన ఉంచడమే సరైన పద్ధతి.

మణుగుతో చిక్కు ఇంకా ఎక్కువ. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే సుమారు 11.3 కిలోలు. రైల్వే మణుగు సుమారు 37.3 కిలోలు. మెట్రిక్ తూనికలు 1958 నుండి దశలవారీగా అమలులోకి వచ్చి 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. సరిగ్గా ప్యాకేజీ కార్యక్రమం మొదటి రెండేళ్ళు ఈ మార్పు నడుమ పడ్డాయి. పట్టికలో 'మణుగులు' అని మాత్రమే ఉంటే అది ఏ మణుగో తేల్చకుండా దిగుబడి పెరిగిందనీ తగ్గిందనీ చెప్పలేము.

జిల్లా ఎల్లలదీ అదే పరిస్థితి. నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఉండేవి. 1904లో వాటిని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినపుడు అందులోకి వచ్చాయి, మిగిలిన గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా వర్ణనలో పశ్చిమ డెల్టా ఉంటుంది. హెమింగ్వే 1907లో కూర్చిన గోదావరి గెజిటీరు నాటికి ఆ తాలూకాలు కృష్ణాలో ఉన్నాయి. ఈ రెండు పుస్తకాలలోని జిల్లా అంకెలను సరిపోల్చి డెల్టాలో సాగు తగ్గిపోయిందని భ్రమపడే వీలుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలు ఏర్పడి, పశ్చిమ గోదావరికి భీమవరం, తూర్పు గోదావరికి రాజమండ్రి కేంద్రాలయ్యాయి. అందువలన రికార్డులను జిల్లా పేరుతో కాక గ్రామం పేరుతో, వీలైతే సర్వే నంబరుతో సూచించడం మేలు.

కంప్యూటరుకెక్కిన సమాచారానికీ లిపి చిక్కు ఉంది. యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు పత్రాలను అను వంటి ఖతులలో టైపు చేసేవారు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని అక్షరాలు కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడం మరొక డిజిటలీకరణే.

కౌలుదారు కనబడని రికార్డు

గోదావరి డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలుదారులది. కౌలు చాలావరకు నోటి మాట మీద నడుస్తుంది. ఆంధ్ర ప్రాంతపు కౌలుదారీ చట్టం 1956 నుండి ఉన్నా, కౌలును రాసి ఇస్తే భూమిపై హక్కు ఏర్పడుతుందన్న భయంతో యజమానులు వెనుకాడడం అలవాటైంది. ప్యాకేజీ కార్యక్రమంలో అప్పుకు భూమి ఆధారం కావడంతో, కాగితం మీద హక్కు లేని సాగుదారు దూరంగా ఉండిపోయాడు. హరిత విప్లవ ఫలితాలు పెద్ద రైతులకు అందినట్లు కౌలుదారులకు అందలేదన్నది ఫ్రాంకెల్ విమర్శలో ముఖ్యాంశం.

ఈ లోపం కాగితంతో పోలేదు. యజమాని పేరున్న అడంగల్‌ను కంప్యూటరులోకి ఎక్కిస్తే యజమాని పేరే ఎక్కుతుంది, పైగా వెదికితే క్షణంలో దొరికే సాక్ష్యంగా అది మరింత బలపడుతుంది. పంట నష్టపరిహారం, బీమా, బ్యాంకు రుణం వంటివి ఆ పేరునే అనుసరిస్తాయి. దీనిని సరిచేయడానికి 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం, దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండవ చట్టం ప్రకారం కార్డుకు పదకొండు నెలల ఒప్పందంపై యజమాని సంతకం కావాలి, కనుక పాత భయం పూర్తిగా తొలగలేదు. ఈ-పంట నమోదులో పొలంలో పంటను ఫొటోతో, స్థల నిర్దేశాంకాలతో నమోదు చేస్తారు. 2020 మే 30న ప్రారంభమై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన రైతు భరోసా కేంద్రాల సిబ్బంది ఈ నమోదులో పాలుపంచుకున్నారు. ఒకప్పుడు గ్రామసేవకుడి దినచర్య పుస్తకంలో ఉండిన సమాచారం ఇప్పుడు మొదటే డిజిటల్ రూపంలో పుడుతున్నది.

ప్రయోజనాలు

పాత రికార్డుల అవసరం చరిత్రకారులకే పరిమితం కాదు. ముంపును తట్టుకునే వరి రకాల కథ ఇందుకు నిదర్శనం. ఒరిస్సాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత రకంలోని జన్యువును స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1 ను విడుదల చేశారు. ఇది రెండు వారాల వరకు నీట మునిగినా తట్టుకుంటుంది. ఆ పాత రకానికి ముంపును తట్టుకునే గుణం ఉన్నదని దశాబ్దాల ముందు ఎవరో రాసి పెట్టి ఉండకపోతే దాని కోసం వెదికేవారుండరు. డెల్టాలోని పాత రకాలలో ఏది ఉప్పుకు ఓర్చింది, ఏది లోతు నీటిలో నిలిచింది అన్న వివరాలు మార్టేరు వంటి కేంద్రాల తొలి నివేదికలలో వెదకవలసినవి.

మురుగు కాలువల సమస్య మరొకటి. కృష్ణా, గోదావరి డెల్టాల ముంపును పరిశీలించడానికి 1964లో నియమించిన మిత్రా కమిటీ నాటి నుండి ఈ చర్చ సాగుతూనే ఉంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినపుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల కూడా వారి ఫిర్యాదులలో ఉంది. ఒక గ్రామంలో ఏయే సర్వే నంబర్లు ఏయే సంవత్సరాలలో మునిగి శిస్తు తగ్గింపు పొందాయో పాత జమాబందీ లెక్కలలో ఉంటుంది. ఆ నంబర్లను నేటి పటం మీద గుర్తిస్తే ముంపు ఎక్కడ కొత్తదో, ఎక్కడ ఆనకట్ట కాలం నుండీ ఉన్నదో తెలుస్తుంది.